మా ఆయన వీడియో పరీక్షలో నేను పక్కన కూర్చోవచ్చా?

ప్రశ్న: కందుకూరులో అమ్మ దగ్గరున్నాను, ఆదివారం టెక్సాస్ బయలుదేరతాను. మా ఆయన అమెరికా ఆర్మీలో అఫ్గానిస్తాన్ వెళ్లొచ్చారు. పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయంకరమైన అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) డిజెబిలిటీ పరిహారం కోసం గురువారం వీడియోలో వైద్య పరీక్ష. ఎవరు అడిగినా "బాగానే ఉన్నాను" అంటారు. రాత్రి మూడుసార్లు లేచి తలుపు గడియ చూసుకోవడం, ఇక్కడ మా తమ్ముడి పెళ్లి ఊరేగింపులో టపాసులు పేలితే గంటసేపు బాత్రూంలోంచి బయటికి రాకపోవడం, ఇవేవీ ఆయన నోట రావు. నేను చెప్పొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, మాది నెల్లూరు, మా వారికీ ఇదే పరీక్ష జరిగింది. మిమ్మల్ని ఉండనివ్వాలా వద్దా అన్నది పరీక్ష చేసేవారి ఇష్టం. మొదట్లోనే అడగండి. నన్ను పది నిమిషాలు మాట్లాడనిచ్చి బయటికి వెళ్లమన్నారు. ఆయన్ని అడిగినదానికి మీరు బదులు చెప్పొద్దు. అంతకంటే ముఖ్యం, 21-10210 అనే సాక్షి వాంగ్మూలం ఫారంలో మీరు కళ్లారా చూసినవి రాసి వీఏకి (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) పంపండి. గడియ సంగతి, టపాసుల సంగతి అలాగే రాయండి.

జవాబు: అమ్మా, నేనూ సర్వీసు చేసినవాణ్ణే. కొన్ని సంగతులు భార్య ముందు నోరు పెగలవు. ముందు ఆయన్నే అడగండి. 0 నుంచి 100 దాకా డిజెబిలిటీ శాతం ఇచ్చేటప్పుడు ఉద్యోగం, మనుషులతో మెలగడం ఎంత దెబ్బతిన్నాయో చూస్తారు. మంచిరోజు గురించే చెప్పి ఊరుకోవద్దనండి. పరీక్షయ్యాక రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, ఒంటరిగా వదలకండి. మరీ కష్టమైతే ఫోన్‌లో 988 కొట్టి 1 నొక్కాలి, అది అమెరికాలో మాజీ సైనికుల అత్యవసర సహాయ లైన్.

ప్రశ్న అడిగినవారు: అక్కా, అన్నా, ఇప్పుడే ఫోన్‌లో అడిగాను. "మొదట పక్కనుండు, తర్వాత వెళ్లు" అన్నారు. ఫారం ఈ రాత్రే రాస్తున్నాను.