స్టోన్ మౌంటెన్ మీద ఆ ముగ్గురిని ఉంచాలా, తీసేయాలా?

అట్లాంటా పాతకాపు:

పోయిన నెల అమ్మానాన్నలను స్టోన్ మౌంటెన్ తీసుకెళ్లాను. జార్జియాలో ఉండే తెలుగువారికి దాని గురించి చెప్పనక్కరలేదు. ఇంటికి చుట్టాలు వస్తే మొదట చూపించేది దాన్నే. తెలియనివారి కోసం రెండు ముక్కలు: అట్లాంటాకు తూర్పున, చుట్టూ ఉన్న నేల మీద నుంచి 825 అడుగులు లేచిన ఒంటి గ్రానైటు గుండు అది. దాని ఉత్తరపు ముఖాన గుర్రాలెక్కిన ముగ్గురి శిల్పం ఉంటుంది: జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా నుంచి విడిపోయి 1861 నుంచి 1865 దాకా యుద్ధం చేసిన దక్షిణాది కూటమికి, అంటే కాన్ఫెడరసీకి, డేవిస్ అధ్యక్షుడు. మిగతా ఇద్దరూ సేనానులు.

మా నాన్న కరీంనగర్ దగ్గర గ్రానైటు క్వారీల్లో ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేశారు. పచ్చికలో దుప్పటి పరిచి కూర్చోగానే ఆయన కళ్లు రాయి మీదే ఉన్నాయి. "ఇది ఉలి పని కాదురా, మంట పెట్టి పొరలు లేపారు" అన్నారు. ఇంటికి వచ్చి చదివితే నిజమే, చివరి విడత పనంతా జెట్ మంటతో చేశారట. తరువాత అడిగారు: "వీళ్లు ఏ యుద్ధం గెలిచారు?" ఓడిపోయారని చెప్పాను. "ఓడిపోయినవాళ్లకు ఇంత కొండా? ఎవరిచ్చారు?" అన్నారు. మా పక్క దుప్పటి మీద ఒక నల్లజాతి కుటుంబం కూర్చుని ఉంది. ఏమీ చెప్పలేక చపాతీల డబ్బా తెరిచాను.

తీసేయాలనేదే నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

పాతచింతకాయ:

నేను కాదంటాను. ఒక తరం కట్టినదాన్ని ఇంకో తరం కూల్చుకుంటూ పోతే మిగిలేది బోడి నేలే. గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంది. ఆయన కంపెనీ సైన్యంలో ఇంజినీరు. మనల్ని ఏలిన కంపెనీ జీతం తిన్న మనిషి. అయినా రైతులు ఏటా దండ వేస్తున్నారు. రేపు ఎవరో వచ్చి అది కూడా బానిసత్వపు గుర్తేనంటే తీసేద్దామా? చరిత్రలో నచ్చనివి కూడా ఉంటాయి. వాటిని చూసి నేర్చుకోవాలి.

రాతిపలక:

చింతకాయ గారూ, కాటన్‌ను మీరే తెచ్చారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ నీళ్లు ఇప్పటికీ పొలాల్లోకి వస్తున్నాయి. రైతు వేసే దండ ఆ నీటికి. ఈ ముగ్గురు జార్జియాకు ఏం ఇచ్చారు? అసలు ముగ్గురిలో ఒక్కరూ ఇక్కడివారు కారు. డేవిస్ పుట్టింది కెంటకీలో, రాజకీయం చేసింది మిసిసిపీలో. లీ, జాక్సన్ ఇద్దరూ వర్జీనియావారు. డేవిస్‌కు ఈ రాష్ట్రంతో గట్టి సంబంధం ఒకటుంది. 1865 మేలో పారిపోతూ ఇర్విన్‌విల్ దగ్గర పట్టుబడ్డాడు!

"చరిత్ర" అన్నారు కదా, ఏ చరిత్రో చూద్దాం. కొండ మీద ఏం జరిగిందో వరుసగా చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. 1915 నవంబరులో విలియం సిమన్స్ అనే అతను గుప్పెడు మందిని వెంటబెట్టుకుని ఈ కొండ శిఖరం మీద శిలువ తగలబెట్టి, నల్లజాతివారిని హింసించిన తెల్లవారి రహస్య సంఘం, చచ్చిపోయిన కూ క్లక్స్ క్లాన్‌కు మళ్లీ ప్రాణం పోశాడు. కొండ అప్పుడు వెనబుల్ కుటుంబం ఆస్తి. వారూ క్లాన్ మనుషులే. ఆ రోజుల్లోనే కాన్ఫెడరేట్ వీరుల వారసురాళ్ల సంఘం నాయకురాలు హెలెన్ ప్లేన్ శిల్పం ఆలోచన తెచ్చారు. క్లాన్ మనుషుల బొమ్మలు కూడా చెక్కమని శిల్పికి ఉత్తరం రాశారు. ఆ శిల్పి గట్జన్ బోర్గ్లమ్. తరువాత రష్‌మోర్ కొండ మీద నలుగురు అధ్యక్షుల తలలు చెక్కినది ఈయనే.

1923లో పని మొదలైంది. 1924 జనవరి 19న, లీ పుట్టినరోజున, ఆయన తల ఆవిష్కరించారు. మరుసటి ఏడాది నిధుల కోసం కేంద్ర ప్రభుత్వం చేత అర డాలరు నాణెం కూడా ముద్రింపజేశారు. అదే ఏడాది శిల్పం పని చేయించే స్మారక సంఘానికీ బోర్గ్లమ్‌కీ చెడింది. ఆయన నమూనాలు పగలగొట్టి రాష్ట్రం దాటి పారిపోయాడు. ఇక్కడ గమనించండి: తరువాత వచ్చిన శిల్పి లూక్‌మన్ 1928లో బోర్గ్లమ్ చెక్కిన లీ తలను పేల్చేయించాడు. ఈ కొండ మీద లీ తలను తొలగించిన మొదటివారు లీ భక్తులే! అప్పుడు చరిత్ర చెరిగిపోయిందని ఎవరూ ఏడవలేదు.

ఆ తరువాత డబ్బు లేక ముప్పై ఏళ్లకు పైగా ఆగిపోయింది. కొండ మీద సగం బొమ్మ, కింద గడ్డి. ఎవరికీ పట్టలేదు. మళ్లీ ఎప్పుడు పట్టింది? 1954లో తెల్లపిల్లలకు, నల్లపిల్లలకు వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పాక. 1956లో జార్జియా తన జెండాలోకి కాన్ఫెడరేట్ యుద్ధ పతాకాన్ని తెచ్చింది. 1958లో కొండను కొన్నది. 1964లో పని మళ్లీ మొదలుపెట్టింది. 1970 మేలో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ వచ్చి అంకితం చేశాడు. 1972లో పూర్తయింది. మీరు కాపాడమంటున్నది 1865 నాటి చరిత్ర అనుకుంటున్నారేమో, అది మా పెద్దక్క వయసు.

పాతచింతకాయ:

లీ తల సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను, ఆ దెబ్బ బాగా తగిలింది.

అయినా మీరు చెప్పిన దాని నుంచే అడుగుతాను. 1950ల్లో ఒక రాష్ట్ర ప్రభుత్వం సమానత్వం మీద కోపంతో కొండనే చెక్కించిందంటే, అది చూడవలసిన సాక్ష్యం కాదా? తీసేస్తే మీ మనవడు ఇంత పెద్ద కోపం ఉండేదంటే నమ్ముతాడా? లీ గొప్పవాడని నేను అనడం లేదు. ఆనవాలు ఉండనివ్వమంటున్నాను.

తుంగభద్ర తీరం:

ఇదంతా తెల్లవారికీ నల్లవారికీ మధ్య గొడవ. మనం వచ్చింది ఉద్యోగానికి. ఎవరి కొండ మీద ఎవరి బొమ్మ ఉంటే మనకెందుకు? నోరు మూసుకుని పులిహోర తిని రావడం మేలు.

సన్నజాజి:

తుంగభద్ర గారూ, పులిహోరకు నేనూ సిద్ధమే, కానీ "మనకెందుకు" అనకండి. ఆ కొండ మీద బోర్గ్లమ్ పని మొదలుపెట్టిన 1923లోనే భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. మనవారి వలసకు తలుపు పూర్తిగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. దాన్ని తెచ్చినది నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం వేడిలో ఉన్న కాంగ్రెసే. మీ వీసా, నా వీసా ఆ కథలోవే.

నేను ఆ కొండ కింది ఊళ్లోనే ఉంటాను. ఊరి పేరూ స్టోన్ మౌంటెనే. మీ చర్చలో ఊరు లేదు, కొండే ఉంది. ఇక్కడ నివసించేవారిలో ఎక్కువమంది నల్లజాతివారు. షెర్మన్‌టౌన్ అని ఒక పాత వాడ ఉంది. అంతర్యుద్ధం అయ్యాక ఇక్కడి క్వారీల్లో రాళ్లు కొట్టిన నల్లజాతి కార్మికులు కట్టుకున్నది. పేరు ఎవరిదో చూడండి: అట్లాంటాను 1864లో తగలబెట్టిన ఉత్తరాది సేనాని షెర్మన్‌ది. వారు కొట్టిన రాయి వాషింగ్టన్‌లో కాపిటల్ మెట్లకూ, పనామా కాలువ లాకులకూ వెళ్లింది. పాతకాపు గారి నాన్నగారు ఈసారి వచ్చినప్పుడు ఆ వాడ చూడాలి. కొండ గొప్పతనం చెప్పడానికి గుర్రాల కన్నా ఆ వాడే మేలని నా అభిప్రాయం.

ఈ ఊరికి 1940ల్లో మేయరుగా చేసిన జేమ్స్ వెనబుల్ తరువాత క్లాన్‌కు పెద్ద. 1997లో ఇదే ఊరికి మొదటి నల్లజాతి మేయరుగా గెలిచిన చక్ బరిస్ ఉన్నది ఒకప్పటి ఆ వెనబుల్ ఇంట్లోనే! మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఉపన్యాసంలో జార్జియా స్టోన్ మౌంటెన్ నుంచి కూడా స్వేచ్ఛ మోగాలని కోరింది ఈ కొండ గురించే.

మా పొరుగింటి పెద్దావిడ నల్లజాతి మనిషి, రిటైరైన నర్సు. వారంలో నాలుగు రోజులు కొండ ఎక్కుతారు. శిల్పం తీసేయాలా అని ఒకసారి అడిగాను. ఎక్కే దారి పడమటి వైపు, బొమ్మలు ఉత్తరం వైపు కాబట్టి దారిలో అవి కనబడవని, తనకు కావలసింది శిఖరం మీద గాలి అని అన్నారు. ఆవిడ కొడుకు మాత్రం ఆ పార్కులో అడుగు పెట్టడు. ఒకే ఇల్లు, రెండు జవాబులు.

లెక్కలమాస్టారు:

మీరంతా తీసేయాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. తీయడానికి వీలుందా అని ఎవరూ అడగలేదు.

2001లో గవర్నర్ రాయ్ బార్న్స్ రాష్ట్ర జెండా నుంచి యుద్ధ పతాకాన్ని తీసేసినప్పుడు, ఎదుటి పక్షాన్ని ఒప్పించడానికి ఆ చట్టంలోనే ఒక మాట పెట్టారు: స్టోన్ మౌంటెన్ స్మారకాన్ని ఎప్పటికీ మార్చకూడదు, తీయకూడదు, దాచకూడదు, ఏ విధంగానూ మరుగుపరచకూడదు. 2019లో స్మారకాలకు ఇంకో కాపలా చట్టం తోడైంది. ఎవరైనా పాడు చేస్తే నష్టానికి మూడు రెట్లు కట్టాలి. తీగలు పాకించి కప్పేద్దామని ఒకరు, మట్టి కొట్టుకుపోనిద్దామని ఒకరు అంటుంటారు. పైన చెప్పిన మాట చదివితే తీగ కూడా నేరమే. 2017లో గవర్నరు పదవికి పోటీపడుతున్న స్టేసీ ఏబ్రమ్స్ శిల్పాన్ని తొలగించాలన్నారు. శాసనసభ మారితే తప్ప అది జరగదు. పార్కు బోర్డు చేతిలో ఉన్నది చిన్న పని. 2021లో దాని లోగో నుంచి శిల్పాన్ని తీసేశారు, ఎక్కే దారి మొదట్లో ఉన్న కాన్ఫెడరేట్ జెండాలను పక్కకు జరిపారు, ఉన్నది ఉన్నట్టు చెప్పే ప్రదర్శన పెట్టాలని తీర్మానించారు. ఆ బోర్డుకు మొదటి నల్లజాతి అధ్యక్షుడు వచ్చిన ఏడాదే ఇదంతా.

పాతకాపు గారూ, చట్టం సంగతి అలా ఉంచి, మీ నాన్నగారిని రాయి సంగతి అడగండి. ఎలా తీస్తారట?

అట్లాంటా పాతకాపు:

అడిగాను మాస్టారూ. రాత్రి ఫోనులో గంటసేపు చెప్పారు. శిల్పం వెడల్పు 190 అడుగులు, ఎత్తు 90, చుట్టూ కొండలోకి 42 అడుగులు తవ్వి చదును చేశారని చదివి వినిపించాను. నవ్వారు. "బొమ్మలు తీయడం ఒక లెక్కా? బయటికి పొడుచుకొచ్చింది కొట్టేస్తే ముక్కూ మొహం పోతాయి. తవ్విన గుంట ఎక్కడికి పోతుంది? అది పోవాలంటే కొండంతా 42 అడుగులు వెనక్కి జరగాలి" అన్నారు.

ఆ మాట దగ్గర నా అభిప్రాయం కొంచెం కదిలింది. తీసినా పెద్ద దీర్ఘచతురస్రపు మచ్చ మిగులుతుంది.

చెరువుకట్ట:

నాది హైదరాబాద్. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పగిలిన రోజు నేనూ ఆ జనంలో ఉన్నాను. పగలగొట్టలేదు, ఆపనూ లేదు. అందుకని రెండు వైపులా మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

ఎన్టీఆర్ పెట్టించిన ఆ వరుసలో తెలంగాణవారు తక్కువన్న కోపం నిజమైనది. కానీ ఆ రోజు హుస్సేన్‌సాగర్‌లో పడినవాటిలో శ్రీశ్రీ, జాషువా ఉన్నారు. జాషువా! అంటరానితనం మీద కలం పట్టిన మనిషి. ఈ రెండు సందర్భాలను ఒక్క త్రాసులో వేయొద్దని ముందే చెబుతున్నాను. జాషువా ఎవరినీ బానిసగా ఉంచలేదు. జార్జియా 1861లో విడిపోతూ ఇచ్చిన ప్రకటన రెండో వాక్యంలోనే బానిసత్వం గొడవ ఉంది. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్, అసలు సిసలు జార్జియా మనిషి, కొత్త ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న సత్యమేనని సవానాలో బాహాటంగా చెప్పాడు.

నాకు తెలిసింది ఇంతే: విగ్రహాలు పగిలాక వాటిని మళ్లీ పెట్టారు, తరువాత కొమురం భీం కూడా ఆ కట్ట మీదికి వచ్చాడు. కలపడం వల్ల కోపం తగ్గింది. ఇక్కడ కలపడం కూడా కుదరలేదు. 2015లో కింగ్ పేరిట శిఖరం మీద గంట కడదామంటే కాన్ఫెడరేట్ వారసులు వద్దన్నారు, పౌరహక్కుల సంఘాలవారూ వద్దన్నారు. ఆ ముగ్గురి నెత్తిన కింగ్‌ను కూర్చోబెట్టడం ఆయనకే అవమానమని రెండోవారి వాదన. నాకది సబబుగానే తోచింది.

పాతచింతకాయ:

కట్ట గారూ, మరి గాంధీ? అట్లాంటాలో కింగ్ స్మారక ప్రాంగణంలో గాంధీ విగ్రహం ఉంది, మనవారంతా ఫొటోలు దిగుతారు. 2018లో ఘనా విశ్వవిద్యాలయంలో ఆయన విగ్రహాన్ని తీసేశారు, ఆఫ్రికన్ల గురించి యౌవనంలో రాసిన మాటల కోసం. అప్పుడు మన వేదికల్లో ఎంత గోల! ఇతరుల వీరుడిని తీయడం మనకు తేలికే.

రాతిపలక:

ఆ గోలలో నేను లేను. వారి ప్రాంగణం, వారి నిర్ణయం. గాంధీ మనకు మిగిలే ఉన్నాడు. స్టోన్ మౌంటెన్ గురించి కూడా ఆ ఊరివారిని, ఆ జిల్లావారిని అడిగి తేల్చమంటే నాకు చాలు. ఆ అడిగే దారినే 2001లో మూసేశారు.

అట్లాంటా పాతకాపు:

మొదట తీసేయాలన్నాను. ఇప్పుడు నేను అడిగేది వేరు. 1983లో అక్కడ లేజర్ ప్రదర్శన మొదలైంది. ఏళ్ల తరబడి ఆ గుర్రాలను వెలుగు గీతలతో దౌడు తీయించారు, పిల్లలు చప్పట్లు కొట్టారు, మా పెద్దమ్మాయితో సహా. మచ్చను మచ్చగా ఉంచండి. పక్కన షెర్మన్‌టౌన్ కథ, క్లాన్ కథ, పేలిపోయిన లీ తల కథ రాయండి. చీకటి పడ్డాక మాత్రం ఆ వైపు దీపాలు ఆర్పేయండి. నాటకం తెర కావలసిన అవసరం దానికి లేదు.

చింతకాయ గారూ, దీనికి మీరు ఒప్పుకుంటారా?

పాతచింతకాయ:

దీపాలు ఆర్పడానికి అభ్యంతరం లేదు. కరెంటు కూడా మిగులుతుంది.

లెక్కలమాస్టారు:

తొందరపడకండి. "ఏ విధంగానూ మరుగుపరచకూడదు" అని ఉంది. చీకటి కూడా మరుగే అని కోర్టుకు వెళ్లేవారు తప్పకుండా ఉంటారు.