చిన్న ఊరి ప్లీడరు మీద టీవీ డ్రామా: మొదటి కేసు హత్యా, ప్రామిసరీ నోటా?

కథాగది:
తాలూకా కేంద్రంలో ప్రాక్టీసు చేసే ఒక ప్లీడరు చుట్టూ 10 ఎపిసోడ్ల డ్రామా రాస్తున్నాం. ఒక్కోటి 40 నిమిషాలు. ఇప్పుడున్న చిత్తులో మొదటి ఎపిసోడ్‌లోనే హత్య జరుగుతుంది. ఊళ్లోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో విచారణ మొదలవుతుంది. మూడో ఎపిసోడ్ చివర సాక్షి బోనులో ఏడ్చేసి నిజం కక్కేస్తాడు. టీములో సగంమంది హత్య వద్దు, అప్పు నోటు కేసుతో మొదలుపెడదాం అంటున్నారు. మిగతా సగం, నోటు కేసు చూడ్డానికి ఎవడు కూర్చుంటాడు అంటున్నారు. కోర్టు పని తెలిసినవాళ్లూ, టీవీ పని తెలిసినవాళ్లూ చెప్పండి.

మొఫసిల్‌నోటు:
ముందు కోర్టు సంగతి. జూనియర్ సివిల్ జడ్జి అంటే క్రిమినల్ వైపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు. ఆయన వేయగలిగే జైలుశిక్ష మూడేళ్ల వరకే. హత్య కేసు ఆయన విచారించడు. ఛార్జిషీటు తీసుకుని, నిందితుడికి కాపీలిచ్చి, సెషన్స్ కోర్టుకు కమిట్ చేస్తాడు (విచారణకు పంపేస్తాడు), అంతే. మీ మూడో ఎపిసోడ్ మొత్తం వేరే కోర్టులో, వేరే జడ్జి ముందు జరగాలి. ఇక్కడ ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు) కూడా అక్కడ ఉండడు, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు) ఉంటాడు.

నాది నోటు పక్షం. వాస్తవికత కోసం కాదు, టెన్షన్ కోసమే. సీను ఇలా ఊహించుకోండి. వాది బోనెక్కాడు. అతని చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యం రాసిచ్చిన ప్రమాణపత్రం) ముందే దాఖలైంది (2002 సవరణ తర్వాత సివిల్ దావాల్లో చీఫ్ ఎగ్జామినేషన్ కాగితం మీదే), కాబట్టి నోరు విప్పి చెప్పేది పెద్దగా లేదు. అతని ప్లీడరు నోటు తీసి జడ్జికి అందించాడు. బెంచి క్లర్కు 'ఎగ్జిబిట్ ఏ-1' (వాది తరఫు మొదటి సాక్ష్యపత్రం) సీలు చేత్తో పట్టుకున్నాడు. నోటు మీద రెవెన్యూ స్టాంపు ఉంది. సంతకం మాత్రం స్టాంపును తాకకుండా పక్కనుంది. స్టాంపు మీద గీత లేదు, తేదీ లేదు. స్టాంపు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కొట్టివేయని (మళ్లీ వాడకుండా మీద గీతో సంతకమో పెట్టని) స్టాంపు అతికించనట్టే లెక్క. ఒప్పందమో మరో కాగితమో అయితే పెనాల్టీ కట్టి సాక్ష్యంలోకి తెచ్చుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు 35వ సెక్షన్ ఆ దారి కూడా మూసేసింది. అంటే నోటు చచ్చినట్టే.

అయితే 36వ సెక్షన్ ఒకటుంది. ఒకసారి సాక్ష్యంగా స్వీకరించాక, అంటే ఆ సీలు పడ్డాక, స్టాంపు సరిగ్గా లేదని అదే దావాలో ఆ తర్వాత ఏ దశలోనూ లేవనెత్తడానికి లేదు. 1961లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రతివాది ప్లీడరుకు దొరికేది నోటు చేతులు మారి సీలు పడేలోపు ఉన్న కొద్ది సెకన్లు. ఆ సమయానికి ఆయన పక్క కోర్టులో వాయిదా అడుగుతున్నాడు, ఇక్కడ నిలబడ్డ జూనియరు 'నో అబ్జెక్షన్ సర్' అన్నాడు. అయిపోయింది. మీ హీరో ఏ వైపున్నా ఆ సీను పండుతుంది.

ఎడిటింగ్‌టేబుల్:
మొఫసిల్‌నోటు గారూ, సీను బాగుంది. చదువుతుంటే బాగుంది. తెర మీద ఆ సెకన్లు పండాలంటే చూసేవాడికి మూడు విషయాలు ముందే తెలిసుండాలి: స్టాంపు కొట్టివేయాలని, పెనాల్టీ దారి లేదని, సీలు పడితే తిరుగులేదని. ఈ మూడూ ఎవరో ఒకరు ఎవరికో వివరించాలి. జూనియరుకు సీనియరు పాఠం చెప్పే సీను ప్రతి లాయరు డ్రామాలోనూ ఉంటుంది, సరిగ్గా అక్కడే రిమోటు చేతిలోకి వస్తుంది. శవం కనబడితే వివరణ అక్కర్లేదు.

ఇంకోటి, 'చిన్న ఊళ్లో సెషన్స్ కోర్టు ఉండదు' అని కొట్టేయకండి. తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి 33 జ్యుడీషియల్ జిల్లాలు. నిర్మల్, వనపర్తి, జగిత్యాల లాంటి చోట్ల జిల్లా కోర్టే ఉంది (జిల్లా జడ్జే సెషన్స్ జడ్జి). ఆంధ్రలో తెనాలి, మదనపల్లె, హిందూపురంలో అదనపు జిల్లా జడ్జిలు కూర్చుంటారు. ఊరు మార్చుకుంటే హత్య విచారణ ఊళ్లోనే జరుగుతుంది.

మొఫసిల్‌నోటు:
ఊరి విషయం ఒప్పుకుంటా. వివరణకు మాత్రం పాఠం అక్కర్లేదు. రెండో సీనులో ప్లీడరు గుమాస్తా ఎవరికో నోటు రాయిస్తుంటాడు. అప్పు తీసుకునేవాడు స్టాంపు పక్కన సంతకం పెట్టబోతే చెయ్యి పట్టుకుని స్టాంపు మీదుగా గీయిస్తాడు. 'పక్కన పెడితే బజ్జీలు చుట్టుకోవడానికే' అంటాడు. ఎనిమిది సెకన్లు. సీలు సంగతి మరో కేసులో చిన్నగా చూపండి. తాలూకా కోర్టు డ్రామాలో గుమాస్తా లేకపోతే అది మరీ పెద్ద తప్పు. ఏ కేసు ఎప్పుడు పిలుస్తారో, ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలిసిన మనిషి అతనే.

నోటు కేసులో ఇంకా సరుకుంది. డిమాండ్ నోటుకు (అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు) కాలపరిమితి రాసిన తేదీ నుంచి మూడేళ్లు. గడువు దాటకముందే కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనక బాకీదారు సంతకంతో చెల్లు రాస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. కాబట్టి గొడవంతా నోటు వెనక ఉన్న చెల్లు సంతకం మీదే నడుస్తుంది. ఫోర్జరీ అంటే నిపుణుడికి పంపాలి. ఇక్కడ రచయితలు చేసే పొరపాటు, వకాలత్‌నామా (ప్లీడరును పెట్టుకుంటూ ఇచ్చే కాగితం) మీద సంతకంతో పోల్చమనడం. అది గొడవ మొదలయ్యాక పెట్టిన సంతకం, మార్చి పెట్టి ఉండొచ్చు, దాన్ని ప్రమాణంగా తీసుకోరు. నోటు కాలం నాటివి కావాలి: బ్యాంకు ఖాతా కార్డు, రిజిస్టరు దస్తావేజు. వాటి కోసం ప్లీడరు ఊరంతా తిరగడమే రెండో ఎపిసోడ్.

ఏపీపీబెంచి:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. హత్య కేసులో మేజిస్ట్రేటు కోర్టుకు విచారణ లేదు, నిజమే. కానీ మొదటి 90 రోజులూ ఆ కోర్టువే. రిమాండు అక్కడే, సాక్షి వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు నమోదయ్యేదీ సాధారణంగా ఆ స్థాయిలోనే, అన్నిటికంటే ముఖ్యంగా డిఫాల్ట్ బెయిలు అక్కడే.

హత్య కేసులో పోలీసులు 90 రోజుల్లోపు ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 187(3), పాత సీఆర్‌పీసీలో 167(2). మామూలుగా హత్య కేసులో బెయిలివ్వడానికి వెనకాడే మేజిస్ట్రేటు కూడా ఇక్కడ కేసు బలాబలాలు చూడడానికి లేదు, లెక్క మాత్రమే చూస్తాడు. ఆ లెక్కలోనే తేడాలొస్తాయి. అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండు రోజు నుంచి లెక్కించాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 1986లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. రిమాండు రోజును కలపాలా వద్దా అన్న పేచీ చాలాకాలం నడిచింది. 2023 మార్చిలో ముగ్గురు జడ్జిల బెంచి కలపాల్సిందేనని తేల్చింది.

ఉదాహరణకు రిమాండు జూన్ 10 అనుకోండి. జూన్‌లో 21 రోజులు, జులై 31, ఆగస్టు 31, మొత్తం 83. సెప్టెంబరు 7తో 90 నిండుతుంది. పిటిషను 8న వేయాలి. 7 సాయంత్రమే వేస్తే తొందరపడ్డట్టు, కొట్టేస్తారు. 8న పొద్దున కానిస్టేబులు ఛార్జిషీటు ముందు ఇచ్చేసి, మీ ప్లీడరు తర్వాత వేస్తే హక్కు పోయినట్టే. ప్లీడరు ముందు వేస్తే, తర్వాత ఛార్జిషీటు వచ్చినా హక్కు చెక్కుచెదరదు. కాగితం మీద పడే సీలుకు తేదీ ఉంటుంది గానీ గంట ఉండదు. అందుకే తెలిసిన ప్లీడరు బెంచి క్లర్కు చేత టైము రాయించుకుంటాడు, లేదా ఈ-ఫైలింగ్‌లో వేస్తాడు, అందులో నిమిషంతో సహా పడుతుంది.

బెయిలు ఆర్డరు రాగానే నిందితుడు బయటికి వచ్చేసినట్టు చూపకండి. ఇద్దరు జామీనుదార్లు కావాలి. ఆస్తి కాగితాలు, ఇంటి పన్ను రసీదు, ఆధార్, మళ్లీ వాటి పరిశీలన. హత్య కేసు ముద్దాయికి ఊళ్లో జామీనుగా ఎవరు నిలబడతారన్నదే ఒక ఎపిసోడ్.

ఎడిటింగ్‌టేబుల్:
ఇది పనికొస్తుంది. క్యాలెండరు అందరికీ అర్థమవుతుంది, వివరణ అక్కర్లేదు. శవమూ ఉంది.

కథాగది:
బోనులో సాక్షి నిజం కక్కేసే సీను సంగతేంటి మరి? టీములో అందరికీ నచ్చింది అదొక్కటే.

ఏపీపీబెంచి:
తీసేయండి. సాక్షులు అడ్డం తిరుగుతారు, నిజమే. కానీ అది ఏడుపుతో జరగదు, చాలా చప్పగా జరుగుతుంది. 'నాకేమీ తెలియదు. పోలీసులు నన్ను విచారించలేదు.' రెండు వాక్యాలు. అప్పుడు పీపీ లేచి సాక్షి హోస్టైల్ అయ్యాడని చెప్పి, అనుమతి తీసుకుని, తన సాక్షినే తాను క్రాస్ చేస్తాడు (ఎదురు ప్రశ్నలు వేస్తాడు). పోలీసుల దగ్గర ఇచ్చిన స్టేట్‌మెంటు చదివి 'ఇలా చెప్పావా' అంటాడు. 'చెప్పలేదు.' ఆ స్టేట్‌మెంటును సాక్షి మాటలోని వైరుధ్యం చూపడానికి తప్ప దేనికీ వాడకూడదు. ఆ వైరుధ్యాన్ని తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు రుజువు చేయాలి. పీపీ సాక్షి వైపు ఒక్కసారి మొహం మాడ్చి చూసి వదిలేస్తే సరిపోదు.

ఊళ్లో ఎక్కువగా అడ్డం తిరిగేది మధ్యవర్తులు. రికవరీకి పోలీసుల వెంట వెళ్లి సంతకం పెట్టినవాళ్లు. బోనెక్కి 'స్టేషన్లో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు' అంటారు. పోలీసుల దగ్గర నిందితుడు ఒప్పుకున్న మాట చెల్లదు, ఆ మాట వల్ల వస్తువు దొరికితే అంతవరకే చెల్లుతుంది. మధ్యవర్తి జారిపోతే ఆ దొరకడం కూడా వట్టి పోలీసు మాటగా మిగులుతుంది. మీ హీరో పెద్ద డైలాగు కొట్టకుండానే కేసు అక్కడ కూలిపోతుంది.

క్రాస్ చివర్లో డిఫెన్సు ప్లీడరు తన వాదనంతా సూచనలుగా ('అసలు జరిగింది ఇదీ, కాదా' అంటూ) పెడతాడు. సాక్షి అన్నిటికీ 'నిజం కాదు' అంటాడు. జడ్జి డిక్టేట్ చేస్తాడు, టైపిస్టు కొడతాడు: 'నేను ఆ రోజు అక్కడ లేనని అనడం నిజం కాదు.' ఒకదాని తర్వాత ఒకటి, ఆరేడు. ఫ్యాను చప్పుడు, కీబోర్డు చప్పుడు. నటుడు మంచివాడైతే ఏడుపు కంటే ఇదే గుచ్చుతుంది.

కందిచేను:
హత్య, నోటు రెండూ వదిలేసి పొలం గట్టు కేసు పెట్టండి అంటాను. తాలూకా కోర్టు రుచంతా ఇంజంక్షన్ దావాలోనే (అవతలివాణ్ణి పొలంలోకి రాకుండా ఆపమనే దావాలోనే) ఉంది. అడ్వకేట్ కమిషనరు (చేను చూసి రమ్మని కోర్టు పంపే ప్లీడరు) వారెంటు పట్టుకుని, సర్వేయరుతో చేలోకి దిగడం, రెండు పక్షాల ప్లీడర్లూ ప్యాంట్లు మడుచుకుని గట్టు మీద నిలబడి మెమోలు ఇవ్వడం, హద్దురాయి ఎవరు జరిపారని ఆడవాళ్ల తిట్లు. స్టూడియో దాటి బయటికొచ్చే కోర్టు సీను ఇంకేదుంది? ఒక జాగ్రత్త: కొలతలు, ఆనవాళ్లు చూడమని కమిషనరును పంపుతారు గానీ పొలం ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చమని పంపరు. చిత్తులో కమిషనరు 'ఇది ఫలానావాడి సాగు' అని తీర్పు చెబితే నవ్వుతారు.

ఎలాగూ చెబుతున్నాం కదా, మిగతావీ చూసుకోండి. జడ్జి బల్ల మీద సుత్తి ఉండదు. ప్రమాణానికి భగవద్గీత తేరు, 1969 ప్రమాణాల చట్టంలో ఉన్నది మాటలే. మే నెల ఎండలో ప్లీడరుకు గౌను తొడిగితే దుస్తులవాళ్లు రూల్సు చదవలేదని అర్థం. కింది కోర్టుల్లో గౌను ఎప్పుడూ ఐచ్ఛికమే, ఎండాకాలం నల్లకోటు కూడా తప్పనిసరి కాదు. 'గెలిస్తే సగం నాకు' అని హీరో బేరమాడకూడదు. అది బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం, విలన్ ప్లీడరు చేత అనిపించండి.

ఎడిటింగ్‌టేబుల్:
గట్టు కేసు అందంగా ఉంటుంది, కాదనను. కానీ దానికి ముగింపేదీ? ఇంజంక్షను వచ్చినా దావా అలాగే ఉంటుంది, అప్పీలు ఉంటుంది. 10 ఎపిసోడ్ల తర్వాత ప్రేక్షకుడికి ఇంకో వాయిదా ఇస్తామా? ఉపకథగా పెట్టుకోండి, వెన్నెముకగా వద్దు.

మొఫసిల్‌నోటు:
ముగింపు లేకపోవడమే తాలూకా కోర్టు. అది చూపించే దమ్ము లేకపోతే నగరంలో పెట్టుకోండి.

కథాగది:
సరే, చిత్తు మారుస్తున్నాం. హత్య ఉంటుంది, విచారణ ఉండదు. మొదటి నాలుగు ఎపిసోడ్లకు 90 రోజుల క్యాలెండరు వెన్నెముక. నోటు కేసు అదే ప్లీడరు దగ్గర సమాంతరంగా నడుస్తుంది, సీలు సీను రెండో ఎపిసోడ్ ముగింపు. గట్టు తర్వాత చూస్తాం. కథాకాలం 2025, రిమాండు పైన చెప్పినట్టే జూన్ 10. కొత్త చట్టాల పేర్లే వాడుతున్నాం, నేరం 2024 జులై 1 తర్వాతది కాబట్టి బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 103.

ఏపీపీబెంచి:
సెక్షన్లు సరిగ్గానే ఉన్నాయి. కానీ 2025 సెప్టెంబరు 7 ఆదివారం, క్యాలెండరు చూశారా? సెలవు వచ్చిందని పోలీసులకు ఒక రోజు కలిసిరాదు. ఆదివారమైనా ఇన్‌చార్జి మేజిస్ట్రేటు ఇంటికి వెళ్లి ఛార్జిషీటు ఇచ్చుకోవచ్చు. కాబట్టి మీ ప్లీడరు శనివారం కోర్టు లేచినప్పటి నుంచి రెండు విషయాలు కనిపెట్టుకుని ఉండాలి: ఆ వారం ఇన్‌చార్జి ఎవరు, స్టేషను నుంచి ఎవరైనా అటు బయల్దేరారా అని. గుమాస్తాను ఆ ఇంటి ఎదురు టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టండి. సోమవారం పొద్దున పిటిషను చేత్తో పట్టుకుని ఫైలింగ్ కౌంటరు తెరవకముందే నిలబడాలి.