ఈ వారం సమస్య: పగులు లేని బండి పగిలిపోయె

తుంగభద్రగట్టు (కర్నూలు):
అందరికీ నమస్తే. ఈ వారం సమస్య నేనిస్తానని పోయిన వారమే మాటిచ్చినా, ఈసారి పాత అవధానం పుస్తకంలోంచి తీయలే, నా జేబులోంచి తీసినా. సంక్రాంతికి ముందు హైదరాబాదులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కార్బన్ రోడ్ సైకిల్ కొన్నా, 72 వేలు, కొత్తదైతే రెండు లక్షల పైమాట. నల్లరంగు, మ్యాట్ ఫినిష్, ఒక్క గీత లేదు, చూపుడువేలు మీద నిలబెట్టచ్చు అన్నంత తేలిక. "పగుళ్లు గిగుళ్లు ఏం లేవన్నా" అని వాట్సాపులో మెసేజ్ కూడా పెట్టినాడు. నెల తిరిగేసరికి గట్టిగా తొక్కినప్పుడల్లా కింద కిర్రు కిర్రుమనడం మొదలయ్యింది, బేరింగ్ అనుకోని గ్రీజు పెట్టించి రెండువారాలు నడిపినా. మొన్న ఆదివారం పొద్దున్నే ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా పోయి తిరిగొస్తాంటే రోడ్డుపక్క గుంతలో ముందుచక్రం పడ్డాది, అంతే, పెడళ్ల పైన జానెడు దూరంలో కిందిగొట్టం టప్పుమని విరిగింది. మోచేయి చెక్కుకుపోయింది తప్ప నాకేం కాలే. ఇంటికొచ్చి, ఆ గొట్టం మీద పెద్ద స్టిక్కర్ ఒకటి ఉండె, దాన్ని గోరుతో లేపితే కింద తెల్లగా పుట్టీ. ఇంటి గోడకి పెడతారే, అచ్చం అట్లే. పక్కనే బొటనవేలు పెట్టి నొక్కితే బజ్జీ మాదిరి మెత్తగా లోపలికి పోతాంది.

సరే, సమస్య ఇది, ఆటవెలది నాలుగో పాదం:

పగులు లేని బండి పగిలిపోయె

న, హ, హ, న, హ (న అంటే మూడు లఘువులు, హ అంటే గురువు, లఘువు). ఐదూ సూర్యగణాలే, యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, ప–ప. పగులు లేంది ఎట్ల పగిలిందన్న ముడి విప్పుతా పై మూడు పాదాలు మీరు రాయాల. ఆటవెలది అంటే మన కదిరి పక్క వేమన సమాధి ఉండే కటారుపల్లి గాలి తగిలినా వచ్చేస్తాదంటారు కదా, కానీయండి.

జొన్నరొట్టె (ఆదోని):
అయ్యో అన్నా, ముందు మోచేయి చూపించుకో. పూరణ ఇదిగో, వేడివేడిగా.

రంగు చూసి మురిసి రాళ్లదారిన తోలి
లోన గుల్లయైన లోతు గనక
గతుకులోన పడగ గట్టిగా మ్రోగుచు
పగులు లేని బండి పగిలిపోయె

తుంగభద్రగట్టు:
గణాలు యతులు శుభ్రంగా ఉండాయి, "గతుకు" మాట కూడా బాగా పడింది. కానీ తమ్ముడూ, ముడి విప్పలే. లోన గుల్ల అని రెండో పాదంలో నువ్వే చెప్పేసి మళ్లా పగులు లేని బండి అంటే ఎట్ల? లేనిది ఎట్ల లేదో చెప్తేనే పూరణం, లేకుంటే సమస్యకి మూడు బోగీలు తగిలించినట్టే. మూడో పాదం "గతుకులోన పడగ, కంటికొక్కటి గూడ" అని మార్చి చూడు, గ–కం యతి చెల్లుతాది, "కంటికి ఒక్కటి కూడా పగులు లేని" అని నాలుగో పాదానికి అతుక్కుంటాది.

జొన్నరొట్టె:
అవునన్నా, విరిగిందాన్నే చూస్తా ముడి మర్చిపోయినా. మార్చుకుంటా.

పెన్నఇసుక (తాడిపత్రి):
నాదీ అదే దారి గానీ కొంచెం ముందే ఆలోచించి రాసినా:

నాణెమెత్తి తట్టి నాదము వినలేదు
కంటికింపు చూసి కాసులిస్తి
పైన రంగు మెరయ పైకి చూడగ నొక్క
పగులు లేని బండి పగిలిపోయె

తుంగభద్రగట్టు:
ఇది పూరణం. "చూడగ నొక్క పగులు లేని" అని మూడోపాదం చివర పదం పట్టుకోని నాలుగోదాన్ని లాగినావు చూడు, దాని అందమే వేరు. "ఇస్తి" అని మన ఊరి మాట పెట్టినందుకు ఇంకో మార్కు. పైన, పైకి రెండూ ఒకే పాదంలో రావడం ఒకటే నాకు నచ్చలే.

గుత్తిగాలి (అనంతపురం):
నేను సైకిల్ షాపోణ్ణి, పద్యాలు చదవడమే గానీ రాయను. పెన్నఇసుక అన్న నాణెం సంగతి రాసినాడు కాబట్టి చెప్తాండ, నాణెంతో కొట్టి చూడడం మంచిదే గానీ యాడబడితే ఆడ కొట్టి "మొద్దుగా మోగింది, పోయింది" అనుకోవద్దు. గొట్టం మందం అంతా ఒకే మాదిరి ఉండదు, అతుకుల కాడ పొరలు ఎక్కువ ఉంటాయి, ఆడ మంచి ఫ్రేమ్ కూడా మొద్దుగానే మోగుతాది. అదే గొట్టం మీద అంగుళం అంగుళం జరుపుకుంటా కొట్టాల, ఎడమవైపు కుడివైపు అదే చోట పోల్చుకోవాల. టక్ టక్ అని వస్తా వస్తా ఒక్కచోట డబ్బుమంటే ఆడ పొర విడిపోయిందేమో అని అనుమానపడాల, అప్పుడు గూడ అనుమానమే, తేల్చాలంటే అల్ట్రాసౌండ్ స్కానింగ్ లాంటిది చేయించాల్సిందే. స్టీలుకి దెబ్బ తగిలితే సొట్టబోయి చెప్తాది, అల్యూమినియం కూడా అంతే. కార్బన్ చెప్పదు. అది ఎపాక్సీ జిగురులో తడిపిన నారపొరలు, పరోటా మాదిరి ఒకదాని మీద ఒకటి, తొక్కే బలాన్ని బాగానే ఓర్చుకుంటాది గానీ పక్కనించి రాయి తగిలితేనో, కారు క్యారియర్‌కి గట్టిగా బిగిస్తేనో లోపలి పొర విడిపోతాది, పైన రంగు నవ్వుతానే ఉంటాది. సీటుపోస్టు బోల్టు కూడా, చాలావాటికి అయిదు న్యూటన్ మీటర్లు అటూ ఇటూ చాలు, మనోళ్లు లారీ చక్రం నట్టు మాదిరి బిగిస్తారు.

నాపరాయి (కడప):
అన్నా ఇంత చెప్పినావు, మూడు పాదాలు రాయలేవా? రాయి రాయి.

గుత్తిగాలి:
రాస్తే నవ్వొద్దు మరి.

సీటుపోస్టు తీసి చూస్తే లోపల తెలుస్తాది
టార్చి వేసి చూస్తె టక్కు తెలియు
చూడకుండ కొన్న చోద్యము చూడండి
పగులు లేని బండి పగిలిపోయె

తుంగభద్రగట్టు:
ఎవరు నవ్వుతారన్నా, రెండూ మూడూ పాదాలు అచ్చంగా కుదిరినాయి, చూ–చో యతి తెలిసి వేసినావో తెలియక వేసినావో గానీ భలే పడింది. మొదటిదే పొడుగైపోయింది. సీటు, పోస్టు, తీసి వరకు మూడు సూర్యగణాలు సరి, తర్వాత రెండు ఇంద్రగణాలు రావాల, "చూస్తేలో" మూడూ గురువులే, అది ఇంద్రగణం కాదు. ఇంకోటి, సకారానికి చకారంతో యతి చెల్లుతాది గానీ అచ్చు కూడా కలవాల, సీ కి చూ కుదరదు, చీ కావాల. కాబట్టి ఇట్ల:

సీటు పోస్టు తీసి చీకటి గొట్టాన
టార్చి వేసి చూస్తె టక్కు తెలియు

గుత్తిగాలి:
చీకటి గొట్టం! అదేనన్నా నేను రోజూ చూసేది. కాకపోతే మీ బండి కిందిగొట్టం కాబట్టి సీటు సందులోంచి కనబడదు, పెడళ్ల కాడ బేరింగ్ గూడ ఊడదీయాల. ముందుచక్రం పట్టుకునే ఫోర్కు దించి దాని కడ్డీ గూడ చూడాల, అది హెడ్‌ట్యూబ్, అంటే హ్యాండిల్ కింది గొట్టం లోపల దాక్కోని ఉంటాది, విరిగితే పళ్లు రాలుతాయి. అమ్మేవాడు "ఊడదీయనియ్యను" అన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చేయడమే. పద్యంలో ఇవన్నీ పట్టవు.

నాపరాయి:
తుంగభద్రగట్టన్న వాట్సాప్ మెసేజ్ చదివినప్పట్నించి నవ్వాగలే. ఇది నాది.

అన్న! నమ్ము మనుచు నమ్మినవా డనె
రెండు నెలలు కూడ నిండలేదు
వాని మాట యింక వాట్సాపులో నుండె
"పగులు లేని బండి" – పగిలిపోయె

పెన్నఇసుక:
వారెవ్వా. అయినా రెండో పాదంలో రె–ని యతి ఏంది?

నాపరాయి:
ప్రాసయతి సామీ, మొదటక్షరం బదులు రెండో అక్షరం కలిస్తే చాలు. రెండు, నిండ. ఆటవెలదిలో చెల్లుతాది.

తుంగభద్రగట్టు:
చెల్లుతాది. "అనుచు అమ్మిన" అన్నదాన్ని "అనుచునమ్మిన" చేసి నమ్మడం అమ్మడం రెండూ ఒకే చప్పుడులో ఇరికించినాడు, అది చూడండి ముందు. సమస్యని సమస్యగా కాకుండా వాడి నోటిమాటగా కొటేషన్ గుర్తుల్లో పెట్టేసినాడు, విరోధమే లేకుండా పోయింది. ఇంతవరకు ఇదే పైన.

పాతబస్టాండు (ప్రొద్దుటూరు):
పిల్లలూ, అవధానాల ఊరివాణ్ణి, ఊరికే కూర్చోలేను.

నాన్న తొక్కినట్టి నల్లని సైకిలు
ఇనుప బండి యిప్పు డింట నుండె
పట్న మేగి కొన్న ప్లాస్టిక్కు వంటిది
పగులు లేని బండి పగిలిపోయె

జొన్నరొట్టె:
పెద్దాయనా, ఒక డౌటు. "కొన్న ప్లాస్టిక్కు" అన్నప్పుడు ప్లా సంయుక్తాక్షరం కదా, ముందున్న న్న గురువైపోదా? అప్పుడు గణం చెడుతుంది కదా.

పాతబస్టాండు:
మంచి ప్రశ్న నాయనా. రెండూ వేరు వేరు పదాలు, సమాసం కాదు, కాబట్టి గురువు కానక్కర్లేదు. సమాసమైతే నువ్వు చెప్పినట్టే అవుతుంది. ప్లాస్టిక్కు అని కార్బన్‌ని చిన్నబుచ్చినానేమో, యతి కోసం అట్లా పడింది.

గుత్తిగాలి:
చిన్నబుచ్చడమేం లేదు పెద్దాయనా, నిజంగానే దాని పూర్తిపేరు కార్బన్ ఫైబర్ రీఇన్‌ఫోర్స్‌డ్ ప్లాస్టిక్కే.

తుంగభద్రగట్టు:
పద్యం కమ్మగా ఉంది గానీ పెద్దాయనా, జొన్నరొట్టెకి చెప్పిందే మీకూ చెప్పాల, ముడి అట్లనే ఉంది. పాత సైకిల్ మీద మనసుతో లాక్కొచ్చినారు.

పాతబస్టాండు:
ఒప్పుకున్నాను. వయసు పెరిగేకొద్దీ ముడులు విప్పడం తగ్గి పాత బండ్లు గుర్తుకురావడం ఎక్కువైంది.

ఉగ్గాణిబజ్జి (కడప):
నేను వేరే దారిలో వచ్చినా. అందరూ బండినే పగలగొట్టినారు, నాకు బండి పగలొద్దు.

సగము ధరకె దొరికె, సరిచూసి కొన్నాడు
తెలివి గలుగు వాడు, తెల్లబోతి
గుట్టు తెలిసి నాదు గుండె – వాడికి దక్కె
పగులు లేని బండి – పగిలిపోయె

పెన్నఇసుక:
అక్కా! గుండె పగిలిపోయిందా! రెండుసార్లు చదివినా అర్థమవడానికి.

నాపరాయి:
గుండెకి పగలడానికి మధ్య ఇంత దూరమా అక్కా, దూరాన్వయం అంటారేమో.

ఉగ్గాణిబజ్జి:
అంటే అననీ. మధ్యలో ఆ ముక్క "వాడికి దక్కె పగులు లేని బండి" అని గుండెలో గుచ్చుకున్నట్టే ఉండాల, అసూయ అంటే అట్లనే కదా మాట మధ్యలో వచ్చి పడతాది.

తుంగభద్రగట్టు:
అక్కా మీకు వందనం. దూరాన్వయం ఉన్నా గీతలు పెట్టినారు కాబట్టి చదివేవాడు తప్పిపోడు. ఒక్క "నాదు" మాత్రం పాత నాటకం డ్రెస్సు మాదిరి ఉంది, "నాకు" అనండి, గణం మారదు, "నాకు గుండె పగిలిపోయె" అని ఇంట్లో మాట్లాడినట్టు వస్తాది.

ఉగ్గాణిబజ్జి:
"నాకు" ఖాయం. మరి అందరికీ మార్కులేస్తాండావు, నీ పూరణ ఏదబ్బా?

తుంగభద్రగట్టు:
రాసినా, పెట్టాలా వద్దా అనుకుంటాండ. విరిగిన ఫ్రేమ్ ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ దాని మీద వేలిమడుపుతో కొట్టింది, ఇట్ల అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు, పుట్టీ ఉన్నకాడ చెవి పెట్టి "ఈడ మోగల్యా" అనింది. ఎండాకాలం వస్తే బండిమీద కుండలు అమ్మేవాళ్లు వస్తారు కదా, నూరు రూపాయల కుండని ఇరవై సార్లు కొట్టి వినందే డబ్బులియ్యదు ఆమె. నేను 72 వేలు ఫోన్‌లోనే కొట్టేసినా.

కుండ కొనెడు నమ్మ కొట్టి చూచును గాని
కొడుకు చదువుకున్న గొప్పవాడు
వేలు పెట్టి తెచ్చి వేలితో కొట్టని
పగులు లేని బండి పగిలిపోయె

నాపరాయి:
వేలు పెట్టి, వేలితో! అన్నా కాళ్లు యాడున్నాయో చూపించు.

జొన్నరొట్టె:
అంతా బాగుంది గానీ అన్నా, ముడి?

పాతబస్టాండు:
అవును నాయనా, ముడి ఎక్కడ విప్పినావు? వేలితో కొట్టకపోతే పగులు లేకుండా పోతుందా?

తుంగభద్రగట్టు:
దొరికిపోయినా. "వేలితో కొట్టని పగులు" అని అక్కడ ఆపి చదవండి, "లేని బండి" అంటే ఇప్పుడు నా దగ్గర లేని బండి.

ఉగ్గాణిబజ్జి:
ఆహా, పద్యానికి కూడా పుట్టీ పెట్టినావు.

గుత్తిగాలి:
అన్నా ఆ ఫ్రేమ్ పారేయొద్దు, పొరలు గీకి కొత్త కార్బన్ గుడ్డ వేసి సరిగ్గా రిపేర్ చేసేవాళ్లు బెంగళూరులో ఉండారు. కాకపోతే పుట్టీ పెట్టిన మేరంతా కోసి చూసినాక గానీ చెప్పలేం.

తుంగభద్రగట్టు:
అమ్మకానికి పెట్టినా గుత్తిగాలన్నా, చక్రాలు, బ్రేకులు, గేర్లు వేరేగా, ఫ్రేమ్ వేరేగా. ఫ్రేమ్ ఫొటో కింద "విరిగింది, రిపేర్ చేసుకునేవాళ్లకి మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసినా. వారంలో ఒక్కడే ఫోన్ చేసినాడు, పుట్టీ పెట్టి రంగు వేయించి ఇస్తావా అని అడిగినాడు.