తూముకు, మత్తడికి చేప జాలీలు: ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి?

పరకాల_మత్స్యసంఘం
మా చెరువులో 35–40 మి.మీ. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు వదిలారు. తూము తీసిన నాటి నుంచి పంట కాలువలో పిల్లలు కనిపిస్తున్నాయి. జాలీ ఎక్కడా చిరగలేదు. వానలు ఇంకా ఉన్నాయి, మత్తడి (అలుగు) ఎప్పుడైనా దుంకొచ్చు. ముందు ఏది చూసుకోవాలి?

కాలువ_గట్టు
చిరగకుండానే పోతున్నాయంటే జాలీ కన్ను (రంధ్రం) పెద్దదైనా ఉండాలి, ఫ్రేముకూ రాతికీ మధ్య సందైనా ఉండాలి. చచ్చిన పిల్లను తల వైపు నుంచి కన్నులో పెట్టి చూడండి, మొప్పల దగ్గర ఆగాలి. పొడవుతో పని లేదు, ఒంటి మందమే లెక్క. ఈ సైజుకు కన్ను 4 మి.మీ. దాటితే నమ్మలేం.

తర్వాత షట్టర్ దించి ఫ్రేము చుట్టూ చేత్తో తడమండి. అడుగున మట్టి కోసుకుపోయి ఉంటుంది. నీళ్లు అటే గుంజుతాయి, పిల్లలూ అటే పోతాయి. పక్కలకు రబ్బరు పట్టీ బిగించండి, కిందికి ఇసుక సంచులు పేర్చండి. షట్టర్ తెరిచి ఉండగా మాత్రం ఎవరూ తూము ముందు దిగొద్దు, నీటి గుంజుడుకు కాలు ఇరుక్కుంటే బయటికి రాదు.

క్యూసెక్కు
కన్ను చిన్నదైతే జాలీ పెద్దది కావాలి. అమెరికాలో సాల్మన్ పిల్లల కోసం పెట్టిన నియమంలో, తనంతట శుభ్రం కాని జాలీ దగ్గర నీటి వేగం సెకనుకు 0.2 అడుగు దాటకూడదు. మన చేపలకూ అదే అంకె అని కాదు, లెక్క కట్టే తీరు పనికొస్తుంది. తూములో 2 క్యూసెక్కులు (సెకనుకు 2 ఘనపుటడుగుల నీళ్లు) పోతుంటే 2ని 0.2తో భాగించండి: 10 చదరపు అడుగుల జాలీ నీళ్లలో మునిగి ఉండాలి. తూము నోటికి కొట్టిన రెండడుగుల పలక నాలుగే. అదే రెండడుగుల పెట్టె చేస్తే మూడు పక్కలకే 12 వస్తాయి.

జాలీ సగం మూసుకుపోతే మిగతా సగంలో వేగం రెట్టింపవుతుంది. పిల్లలు అతుక్కుని చచ్చి కనిపించాయంటే వెంటనే చెత్త తీయాలి.

మత్తడి_కావలి
తూము జాలీని మత్తడికి కట్టొద్దు, దయచేసి. చెత్త పట్టి నీళ్లు ఆగితే చెరువు మట్టం పెరుగుతుంది, కట్టకే గండం. జాలీకి అటూ ఇటూ నీటి మట్టంలో ఒక అడుగు తేడా వస్తే చదరపు అడుగుకు సుమారు 28 కిలోల తోపు పడుతుంది. అంత బరువు మీద పలక పైకి రాదు.

మత్తడి జాలీకి కన్ను సెంటీమీటరుకు పైనే ఉండాలి, పలకలు పైకి లాగితే ఊడి రావాలి. కొన్ని పిల్లలు పోతాయి, పోనీయండి. రెండు వైపులా పెయింటుతో అంగుళాల గీతలు గీయండి. తేడా మూడంగుళాలైతే పలుగుతో చెత్త లాగాలి, ఆరైతే పలకలు ఎత్తేయాలి, రాత్రయినా సరే. గుర్రపుడెక్క ఆగేలా జాలీకి పది అడుగుల ముందే వెదురు తెప్ప అడ్డం కట్టండి. సద్దుల బతుకమ్మ తెల్లారి తంగేడు, గునుగు పూలు తట్టల కొద్దీ చేరతాయి, ఆ పొద్దున తప్పక చూడాలి. రాతిలో ఏం దించాలన్నా ముందు నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) అడగండి.

పరకాల_మత్స్యసంఘం
ఫ్రేము అడుగున రెండు వేళ్ల సందు ఉంది. దాన్ని మూసేదాకా నైలాన్ వల చుట్టొచ్చా?

కాలువ_గట్టు
రెండు మూడు రోజులకైతే సరే. ఎండ్రికాయలు కొరికేస్తాయి. జీఐ (జింకు పూత ఇనుప) జాలీ అయితే నీటి గీత దగ్గరి వెల్డింగ్ ముందు తుప్పు పడుతుంది, అక్కడ వేలితో నొక్కి చూడండి. కాకతీయ కాలువ నీళ్లు మీ చెరువుకు వస్తుంటే అవి చెరువులోకి వచ్చే వాగు నోటికీ జాలీ కావాలి, కొత్త నీళ్లకు చేపలు ఎదురెక్కుతాయి.