ఏడో నెల కడుపుతో అక్క రిమాండ్‌లో ఉంది, పాపని తన దగ్గరకి పంపాలా?

ప్రశ్న:
చీటీల గొడవలో మా అక్క మీద చీటింగ్ కేసు పెట్టారు, ఐదు వారాలుగా రిమాండ్‌లో ఉంది. ఇప్పుడు ఏడో నెల. నాలుగేళ్ల పాప మా అమ్మ దగ్గర ఉంది, రాత్రి అక్క చీర చేతిలో పెడితే గానీ నిద్రపోదు. మొన్న ములాఖత్‌కి వెళ్తే "దాన్ని నా దగ్గరకి పంపెయ్‌రా" అని అక్క ఒకటే ఏడుపు. బాబాయిలేమో పిల్లకి జైలు ముద్ర పడుతుందంటున్నారు, పుట్టబోయే బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో కూడా జైలు పేరే వేస్తారట. లాయరుకి ఇంక డబ్బు కట్టలేం. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, సర్టిఫికెట్ భయం ముందు వదిలెయ్. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో (మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే) 2006లో సుప్రీంకోర్టు తేల్చేసింది, పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం పేరే రాయాలి. కాన్పు కూడా వీలైనంతవరకు బయట ఆసుపత్రిలోనే జరగాలి. ఆరేళ్లలోపు పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చు, కానీ వాళ్లని ఖైదీల్లా చూడకూడదు, తిండీ బట్టా వైద్యం చదువు వాళ్ల హక్కు. ఇక లాయరు సంగతి, ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లు, లేదంటే 15100కి ఫోన్ చెయ్.

జవాబు 2:
నేను బాబుతో పదకొండు నెలలు లోపల ఉండి వచ్చాను. పిల్లాడు పక్కనుంటే నాకు ప్రాణం కుదుటపడిన మాట నిజం. కానీ ఇంటికొచ్చాక కూడా సాయంత్రం అయ్యేసరికి వాడు గోడ పక్కన గొంతుక్కూర్చునేవాడు, జైల్లో ఖైదీల్ని లెక్కపెట్టే టైమని. ఇప్పటికీ అది కళ్లముందే ఉంటుంది. అందుకే చెప్తున్నా, పాపని పంపేముందు బెయిల్ కోసం గట్టిగా ప్రయత్నించండి. బెయిల్ ఇవ్వని పెద్ద కేసుల్లో కూడా ఆడవాళ్లకి జడ్జి ఇవ్వొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 480వ సెక్షన్‌లో ఉంది. ఏడో నెలని పిటిషన్‌లో రాయించండి, స్కానింగ్ కాగితాలు జతచేయండి. షూరిటీలని ఇప్పుడే చూసి పెట్టుకోండి, బెయిల్ వచ్చాక కూడా షూరిటీల్లేక లోపలే ఉండిపోయినవాళ్లని చూశాను.

అడిగినవారు:
స్కానింగ్ ఫైలు ఇంట్లోనే ఉందక్కా, ఇప్పుడే తీశాను. రేపు పొద్దున్నే కోర్టుకి వెళ్తా. పెదనాన్నని షూరిటీకి అడుగుతా. అక్కకి ఏం చెప్పాలో మాత్రం తోచట్లేదు.

జవాబు 2:
పాపని ములాఖత్‌కి తీసుకెళ్లు. ముందు కళ్లారా చూడనీ.