‘పాపం పండింది’ అనే మాటతో రూపకం నేర్పొచ్చా?

ప్రశ్న: తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. రూపకం అంటే ఏమిటని అడిగితే ‘ఉపమేయానికి, ఉపమానానికి అభేదం చెప్పడం’ (అంటే వర్ణించే వస్తువూ, దాన్ని పోల్చే వస్తువూ ఒకటేనని చెప్పడం) అని పిల్లలు గడగడా అప్పజెప్పేస్తున్నారు. పుస్తకంలో లేని వాక్యం ఇస్తే మాత్రం బిక్కమొహం వేస్తున్నారు. ఇంట్లో మాట్లాడుకునే మాటలతో మొదలుపెడితే ఎలా ఉంటుంది?

జవాబు: అక్కడే మొదలుపెట్టండి మేడమ్. నేనైతే ‘పండు’ అనే ఒక్క క్రియతో పీరియడ్ అంతా నడిపిస్తాను. చేను పండింది, మామిడికాయ పండింది అంటే ఎవరికీ సందేహం రాదు. మరి నోము పండింది, కడుపు పండింది, తల పండింది, పాపం పండింది? ఇవి బోర్డు మీద రాసి, ‘ఇక్కడ నిజంగా పండిందేమిటి?’ అని అడగండి. ‘తల పండిన లాయరు’ అంటే జుట్టు నెరిసిందని మాత్రమే కాదు, అనుభవం ముదిరిందని. నోము పండితే పంట ఇంటికొచ్చినంత సంతోషం. పాపం పండడంలో ఆ సంతోషం లేదు, ముదిరిపోయి ఇక రాలక తప్పని కాయ కనిపిస్తుంది. ఈ తేడా మీరు చెప్పకండి, వాళ్ళ నోటితోనే రానివ్వండి.

కావ్యశాస్త్రం రాసిన మన ఆలంకారికులు ఇలాంటి వాడుకకు మంచి పరీక్ష పెట్టారు. మాటకున్న అసలు అర్థం అక్కడ కుదరకూడదు. కొత్త అర్థానికి, దానికి ఏదో సంబంధం ఉండాలి. అలా వాడడానికి రూఢి (జనంలో స్థిరపడిన వాడుక) గానీ ప్రయోజనం గానీ ఉండాలి. సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ‘లక్షణ’కు, అంటే మాట తన అసలు అర్థం వదిలి దానికి సంబంధించిన మరో అర్థం ఇవ్వడానికి, చెప్పిన షరతులివి. పాపం చెట్టుకు కాయదు. కానీ చేసినకొద్దీ ముదిరి ఫలితం ఇస్తుంది. అందరూ అనే మాటే కనుక రూఢి ఉంది. మమ్మటుడి పేరు చెప్పకపోయినా ఈ పద్ధతి పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది.

ఒక్క జాగ్రత్త. పరీక్షలో దీన్ని రూపకాలంకారానికి ఉదాహరణగా రాయనివ్వకండి. ‘సంసార సాగరం’లో సంసారం, సాగరం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ‘పాపం పండింది’లో కాయ పేరెక్కడా లేదు, అది చేసే పని మాత్రమే క్రియలో ఉంది. ఇది అర్థమైన పిల్లలకు అలంకారం ఎలా పుడుతుందో తెలుస్తుంది, నిర్వచనం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

మరొకరు: గోరింటాకు పండింది, తాంబూలంతో నోరు పండింది అంటాం కదండీ. అవీ ఇలాంటివేనా?

జవాబు: అవునండీ, కాకపోతే అక్కడ సంబంధం రంగుతో. కాయ పండితే రంగు తిరుగుతుంది. నోములో ఫలం తీసుకున్నాం, పాపంలో ముదరడం తీసుకున్నాం, గోరింటాకులో ఎరుపు తీసుకున్నాం. మేడమ్, మర్నాటికి ‘తిను’ ఇవ్వండి. లంచం తిన్నాడు, దెబ్బలు తిన్నాడు, బుర్ర తింటున్నాడు. ఒక్కోచోట తిన్నవాడికి లాభమా నష్టమా రాసుకు రమ్మనండి.