కనుమకి కోడి పులుసు మానేసి కమలాపండుతో ఓవెన్ చికెన్ చేయొచ్చా?

పర్లాకిమిడి కోడలు: మా మావయ్యగారికి షుగరు, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయి. అందుకే ఈసారి కనుమకి ఓవెన్‌లో చేద్దామనుకుంటున్నాను. చర్మం తీసిన లెగ్ పీసులకి గాట్లు పెట్టి పెరుగు, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, ఒక కమలాపండు రసం, రెండు చెంచాల నూనె పట్టించి రెండు గంటలు ఉంచుతాను. ట్రేలో అడుగున ఉల్లిపాయ చక్రాలు, కరివేపాకు, పుదీనా కాడలు. 200 డిగ్రీల్లో 40 నిమిషాలు. పుదీనా ఆకు, కొత్తిమీర మాత్రం దించాకే, లేకపోతే వాసన పోతుంది. మా అత్తగారు "పండగపూట పళ్లేసిన కోడేటి?" అంటున్నారు. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు: మీ అత్తగారి మాటే సరైనదమ్మా. కనుమ అంటే మినప గారెలు, నాటుకోడి పులుసు. ఓవెన్‌లో ఎండిన ముక్కతో గారె ఎలా తింటారు? పైగా షుగరు ఉన్నాయనకి పండు రసమా?

బరంపురం శ్రీను: కమలా వద్దు అక్కా, అనాస వేయండి. రాత్రంతా నానబెడితే ముక్క వెన్నలా ఉంటుంది.

జయపురం వంటిల్లు: రాత్రంతా వద్దు! పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది, మాంసంలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది. ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిపిండిగా అయిపోతుంది. డబ్బా అనాసతో ఆ ఇబ్బంది లేదు, దాన్ని ముందే వేడి చేస్తారు.

బరంపురం శ్రీను: మా వదిన రాత్రంతా పెడుతుంది. ఎప్పుడూ చెడలేదు.

జయపురం వంటిల్లు: ఆవిడ పచ్చిది వేస్తారా, డబ్బాదా? అది చెప్పకుండా వాదించకండి.

పర్లాకిమిడి కోడలు: మాస్టారూ, ఒక్క పండు రసం ఆరుగురికి. అది సమస్య అయితే బాణలి నిండా నూనెలో వేగే గారెల సంగతేమిటి? వాటిని ఎవరూ అడగరు. పుల్లటి పండు మాంసంలో వేయడం మనకి కొత్తా? మామిడికాయ వేసి కోడి వండుకోమా?

రాయగడ రాజు: నూనె లేకుండా కావాలంటే బొంగు చికెన్ ఉంది కదండీ.

గుణుపురం మాస్టారు: పుల్లటి పండు వేరు, కమలా వేరు. ఇంకో మాట. పోయిన పండక్కి మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి ఇలాంటిదే చేశాడు. మా ఇంటావిడ తెల్లారకుండా లేచి మసాలా నూరి పులుసు పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ మర్నాటి దాకా మాట్లాడలేదు.

పర్లాకిమిడి కోడలు: అది చికెన్ తప్పా? ఆవిడ పడ్డ కష్టం ఎవరికీ పట్టకపోవడం తప్పు. మా ఇంట్లో ప్రతి పండక్కీ నేను రెండు వంటలు వండుతున్నాను, మావయ్యగారికి చప్పిడిది, మిగతా వాళ్లకి మామూలుది. ఆయన ఒక్కరే వేరే గిన్నె ముందు కూర్చుంటారు. అందరూ ఒకటే తినేలా చేద్దామనుకుంటే నేను సంప్రదాయం పాడు చేస్తున్నట్టా?

బరంపురం శ్రీను: వదినని అడిగాను. పచ్చి అనాసే.

గుణుపురం మాస్టారు: కోపం వద్దమ్మా. నా బాధ వేరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివారు. మా మనవడికి తెలుగు అక్షరాలు రావు. వాడికి కనుమ అంటే తెలిసింది ఆ పులుసు ఒక్కటే. అదీ పోతే ఏం మిగులుతుంది?

పర్లాకిమిడి కోడలు: మీ బాధ అర్థమైంది మాస్టారూ. కానీ దాన్ని నిలబెట్టే పని ప్రతిసారీ వంటింట్లో ఉన్న ఆడవాళ్ల మీదే ఎందుకు పడాలి? మనవడికి అక్షరాలు మీరు నేర్పించవచ్చు. పులుసు మా ఆయన పెడతానంటే నాకు అభ్యంతరం లేదు.

జయపురం వంటిల్లు: ఓవెన్‌కి బ్రాయిలరే తీసుకోండి, నాటుకోడి ముదురుది అయితే సాగుతుంది. థర్మామీటరు ఉంటే లావు భాగంలో గుచ్చి చూడండి, ఎముకకి తగలకూడదు. 74 డిగ్రీలు రావాలి. ట్రేలో దిగిన రసం పారబోయకండి, మిరియాలు వేసి మరిగిస్తే గారెలకి నంజుకోవడానికి పనికొస్తుంది.

గుణుపురం మాస్టారు: అది పులుసు కాదు.